మూడు నిమిషాలు నావే

షామ్‌బర్గ్, అమెరికా, అక్టోబర్ 1984, మంగళవారం రాత్రి

ఈరోజు స్కూల్ బోర్డ్ మీటింగ్‌లో మాట్లాడాను. ఒక్కొక్కరికి మూడు నిమిషాలేననీ, బోర్డు వాళ్ళు అక్కడికక్కడే జవాబు చెప్పరనీ ప్రెసిడెంట్ ముందే చెప్పింది. మా వీధిలోని మూర్తిగారు నాకంటే ముందు లేచారు. మన సభల అలవాటు కొద్దీ వేదిక మీదున్న ఏడుగురికీ పేరుపేరునా వందనాలు చెప్పి, ఈ దేశం గొప్పతనం ఎత్తుకునేసరికి గంట మోగింది. మేం వచ్చిన పని, పిల్లల స్కూల్ బస్ స్టాప్ ఊసే రాలేదు.

నేను వందనాలు మానేశాను. స్టాప్‌ను హైవే అవతలికి మార్చారనీ, ఆరేళ్ళ మా సుధ రోజూ ఆ రోడ్డు దాటుతోందనీ చెప్పాను. అంతే, అయిపోయింది.

"ఇక కూర్చోవచ్చు" అంది ప్రెసిడెంట్.

"నా టైమ్ ఇంకా ఉంది" అన్నాను. గంట మోగేదాకా ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ నిలబడ్డాను.

కార్‌లో మా ఆయన గొణిగారు. "కనీసం థాంక్స్ అయినా చెప్పలేదు నువ్వు. ఏమనుకుంటారో!"

"స్టాప్ వెనక్కి తెచ్చాక చెప్తాలెండి."

రేపు పొద్దున మాత్రం సుధ మళ్ళీ ఆ హైవే దాటాలి. అదొక్కటే గుబులు. వచ్చే మీటింగ్‌కి దాన్నీ తీసుకెళ్తాను. రూలంటే రూలే, దానికీ మూడు నిమిషాలు ఇవ్వాల్సిందేగా.