ఆహారంలో కేకు స్థానం

4 జులై 1983

లేడీస్ క్లబ్ పంకజాక్షిగారు నేరుగా ఆస్పత్రికే వచ్చి కూర్చున్నారు. క్లబ్బులో అందరూ అల్యూమినియం ఓవెన్లు కొని కేకులు చేయడం నేర్చుకుంటున్నారట. కేకులో ఏముందో, ఎవరు ఎంత తినొచ్చో నేను అరగంట మాట్లాడాలట. తిరుపతిలో ఆవిడకు తెలిసిన డైటీషియన్ని నేనొక్కదాన్నే. సరేనన్నాను.

నోట్స్ రాసుకున్నాను. మామూలు కేకు వంద గ్రాములకు దాదాపు నాలుగు వందల కాలరీలు. ప్రోటీను ఆరు గ్రాములు. పీచు లేనట్టే. బక్కపిల్లలకు, జ్వరం పడి లేచినవాళ్ళకు అప్పుడప్పుడు పరవాలేదు. షుగరు వాళ్ళకు నిషేధం. ఆ మాట కింద రెండు గీతలు గీశాను.

మా ఈయనకు షుగరు వచ్చి ఆరేళ్ళు.

5 జులై, ఉదయం 6.30

గాజు గొట్టంలో నీలం మందు, ఎనిమిది చుక్కల మూత్రం, స్పిరిట్ దీపం మీద రెండు నిమిషాలు. నీలంగానే ఉంటే షుగరు లేనట్టు. ఇటుక రంగుకు తిరిగితే బాగా ఉన్నట్టు.

ఇటుక రంగు. మూడు నెలలుగా ఇదే.

ఏం పెడుతున్నాను? పొద్దున రాగి జావ. మధ్యాహ్నం కప్పు కొలిచి అన్నం, ఆకుకూర. రాత్రి రెండు గోధుమ రొట్టెలు. కాఫీలో చక్కెర లేదు. ఇన్సులిన్ నేనే వేస్తాను. ఊరందరికీ డైట్ షీట్ రాసేదాన్ని, నా మొగుడి షుగరు ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలియడం లేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు.

ఎనిమిదికి బావగారు వచ్చి వెళ్ళారు. ఈయన అన్నగారు యతిరాజులు, గుళ్ళో కైంకర్యం. ఉగాది నుంచి ఆయన వంతు నడుస్తోంది. ప్రసాదం ఇచ్చి వెళ్ళారు.

9 జులై

ఈయన ఆఫీసు సంచిలో బేకరీ కాగితం. వెన్న మరకలు. గాంధీ రోడ్డులో కొత్తగా పెట్టిన గుడ్డు వేయని కేకుల బేకరీది.

అడిగాను. పరంధామయ్య రిటైరయ్యారట, ఆఫీసులో కేకు కోయించారట, తెచ్చే పని తన మీద పడిందట. "నేను యాడ తిన్నాను గోదా" అని ఒక్కసారి అన్నారు. అంతే, ఇక నోరు విప్పలేదు. తేలు కుట్టిన దొంగ అనుకున్నాను.

17 జులై

క్లబ్బులో మాట్లాడాను. బాగా వచ్చింది. షుగరు వాళ్ళు ఒక్క ముక్క కూడా ముట్టకూడదని గట్టిగా చెప్పాను. వెనక నుంచి ఒక ముసలావిడ, మరి ప్రసాదం తినొచ్చా అని అడిగింది. కళ్ళకద్దుకుని తినేదానికి కాలరీలు లెక్కవేస్తామా అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

2 ఆగస్టు

ఇటుక రంగు.

11 ఆగస్టు

సాయంత్రం ఐదింటికి బేకరీ ఎదురుగా గాజుల అంగట్లో నిలబడ్డాను. కొననని అంగడివాడికి అర్థమైపోయింది. ఈయన వచ్చారు. బేకరీ వైపు చూడకుండా నడిచి వెళ్ళిపోయారు. నన్ను చూసే ఉంటారు, లేకపోతే లోపలికి వెళ్ళేవారే అనుకున్నాను.

30 ఆగస్టు

ఎడమ కాలి బొటనవేలి కింద పుండు. ఎప్పుడు తగిలిందో తనకే తెలియదు. కాలికి స్పర్శ పోయింది.

ఇది కేకు చేసిన పుండు అన్నాను. ఆయన కట్టు వైపు చూస్తూ కూర్చున్నారు.

19 సెప్టెంబరు

మా ఆస్పత్రిలోనే చేర్పించాను. వేలు నల్లబడింది. కాలు దక్కుతుందా అని సర్జన్ని అడిగాను. షుగరు దిగితే చూద్దామన్నారు.

సాయంత్రం బావగారు దొన్నెతో వచ్చారు. ఆస్పత్రి మైలలో ప్రసాదం పుచ్చుకోనని ఈయన వద్దన్నారు. రోజూ ఇంట్లోనే ఇచ్చిపోతా ఉండు అని అన్నకు చెప్పారు.

22 సెప్టెంబరు, ఉదయం 7

ఆకుపచ్చ రంగు, అంటే షుగరు కొద్దిగానే ఉన్నట్టు. మూడే రోజుల్లో. ఇన్సులిన్ పెంచలేదు. తిండి నేను ఇంట్లో పెట్టేదే.

చూశారా, బేకరీ అందకపోతే షుగరెలా దిగిందో అన్నాను. అందరి ముందే అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు.

అదే రోజు, మధ్యాహ్నం 1

స్టాఫ్ నర్సు నిర్మలమ్మది చిత్తూరు. ఎవరి మాటా అంత తొందరగా నమ్మదు. నన్ను పక్కకు పిలిచి, సార్ పొద్దున లేసినప్పటి నుంచి నోట్లో ఏమేం పడతాదో వరసగా సెప్పండి మేడమ్ అంది. నాకే పాఠమా అనిపించినా చెప్పాను. జావ, పూజ, ప్రసాదం, అన్నం.

ప్రసాదం ఎంత మేడమ్ అంది.

ప్రసాదానికి ఎంత ఏమిటి అన్నాను. ఆవిడ పెన్ను పట్టుకుని అలాగే నిలబడింది.

ఇంటికి వెళ్ళాను. బావగారు పొద్దున ఇచ్చిపోయింది దేవుడి గూట్లో ఉంది. వంటింటి త్రాసులో పెట్టాను. చక్కెర పొంగలి నూట ఎనభై గ్రాములు. వేళ్ళకు నెయ్యి అంటింది. సగం లడ్డు, ఎనభై గ్రాములు. రెండూ కలిపి దగ్గర దగ్గర ఎనిమిది వందల డెబ్బై కాలరీలు. పెద్ద కేకు ముక్కలు నాలుగు తిన్నట్టు. ఉగాది నుంచి రోజూ.

నా చేత్తోనే ఆయన చేతిలో పెట్టేదాన్ని. కళ్ళకద్దుకుని తినేవారు.

24 సెప్టెంబరు

ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఆలస్యమైందన్నారు. ఏడుపు రాలేదు. మధ్యాహ్నం వార్డుకు పదహారు డైట్ షీట్లు రాశాను. ఒక్క తప్పు లేదు.

3 అక్టోబరు

ఆయనకు చెప్పాను. త్రాసు సంగతి, లెక్క, అంతా. విని, అన్నకు మాత్రం చెప్పొద్దు గోదా, తట్టుకోలేడు అన్నారు.

కేకు మాట నేను ఎత్తలేదు. నా మీద నాకు అసహ్యంగా ఉంది. అది కూడా పక్క వార్డులో ఎవరికో ఉన్నట్టుంది.

12 నవంబరు

ఇంటికి తీసుకొచ్చి ఇరవై రోజులు. బావగారు రోజూ వస్తారు. దొన్నె నాకిచ్చి, తమ్ముడి కాలు ఉండాల్సిన చోట దుప్పటి సర్ది వెళ్తారు. ఒక్క మెతుకు ఈయన నాలుక మీద వేస్తాను. మిగతాది వీధిలో పిల్లలకు పంచుతాను.

గొట్టం నీలంగా ఉంటోంది. పంకజాక్షిగారు కబురు పంపారు, క్రిస్మస్ ముందు ఇంకోసారి మాట్లాడాలట. రానని చెప్పించాను.

20 నవంబరు, సాయంత్రం 5

మధ్యాహ్నం ఆయనే అడిగారు. కేకు ఎట్లుంటాదో చూడాల, ఒక ముక్క తెచ్చిపెట్టు అన్నారు. పుట్టి నలభై నాలుగేళ్ళలో ఎప్పుడూ నోట పెట్టలేదట. గుడ్డు వేస్తారేమోనని చిన్నప్పటి నుంచీ భయమట.

ఆ బేకరీకే వెళ్ళి తెచ్చాను. తూచలేదు.

ఒక కొరుకు తిన్నారు. నెమ్మదిగా నమిలారు. ఇంతేనా అన్నారు.

మిగిలింది నా చేతిలో పెట్టి, తిను అన్నారు. తిన్నాను.