పక్క తిప్పమనే మాట

బుజ్జోడా,

నువ్వు నన్నొదిలి వెళ్లిపోయి ఇవాళ్టికి ఏడాది. ఇంట్లో కూర్చోబుద్ధి కాక, తిరువూరులో బస్సెక్కి వినగడప వెళ్లాను. అక్కడ నీలాగే ఒళ్లూ నోరూ పడిపోయిన సుబ్బయ్య బాబాయికి ఇంజనీరు పిల్లలు తలకి తీగల టోపీ పెట్టి చూస్తున్నారు. తెర మీద మాటలు ఒక్కొక్కటే వెలుగుతాయి. కావలసిన మాట వెలిగినప్పుడు దాని మీద మనసు పెడితే చాలు, కంప్యూటర్ పైకి పలుకుతుంది.

మొదట నమస్కారం వెలిగింది, తర్వాత ధన్యవాదాలు.

"పక్క తిప్పమనేది ఏదమ్మా?" అన్నాను.

"చివర్లో ఉందండి," అంది ఇంజనీరు పిల్ల.

"వీపు మండిపోతుంటే నీకు నమస్కారాలు పెడుతూ కూర్చుంటాడా?"

పిన్ని పకపకా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు.

"వరస మార్చాలంటే మళ్లీ మొదటినుంచీ చెయ్యాలండీ, ఆలస్యమవుద్ది."

"అవనీ. వారం వారం వస్తా."

నాలుగేళ్లు నువ్వు రెప్పలార్పి నన్ను అడిగినవన్నీ, ఏది ఎక్కువ అడిగేవాడివో ఆ వరసలోనే చెప్పాను. పక్క తిప్పు, దోమ, నీళ్లు. ఆ పిల్ల తలొంచుకుని రాసుకుంది. బాబాయి అడిగి పక్క తిప్పించుకునేదాకా నేను మానను.

అక్కడ నీ చేతులు బాగానే ఆడుతుంటాయి. నువ్వే కలుపుకుని కడుపునిండా తిను నాన్నా.

అమ్మ