చుక్కల పెట్ట పొదుగు

నా తల్లి నౌషీన్‌కు, ఆళ్లగడ్డ నుంచి మీ అబ్బా దువాలు. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాము. నంద్యాల హాస్టల్లో నువ్వూ అట్లే ఉన్నావని తలుస్తాను. ఫోను పెట్టుకోనివ్వని మీ వార్డెనమ్మ పుణ్యమా అని, పదో తరగతి తప్పిన నాచేత ఉత్తరాలు రాయిస్తున్నావు. తప్పులుంటే ఆమెనే దిద్దుకోమను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. నన్ను తరమడానికి సరిపోయేంత తగ్గింది. నీ చుక్కల పెట్ట పొదుగు మీంచి లేచిందా అని అడిగావు. అది పెద్ద కథ.

గుడ్లన్నీ తీసేసినా అది పన్నెండు రోజులు గంప దిగలేదు. మేత ముట్టదు. కింద చెయ్యి పెడితే జ్వరమొచ్చినట్టు కాలేది. నీళ్లలో ముంచితే తడిసిన ఈకలతోనే మళ్లీ వెళ్లి కూర్చునేది. రొమ్ము ఎముక చేతికి తగిలేంతగా చిక్కిపోయింది. ఇక బతకదని భయపడి మీ అమ్మ పక్కింటి రంగనాయకమ్మను పిలిచింది.

ఆమె దాని రెక్కలోంచే ఒక ఈక పీకింది. "ముక్కులో అడ్డంగా గుచ్చితే ఆ చిరాకుకు పొదుగు మరుస్తాది. గట్టిగా పట్టుకో బాషా" అంది. పట్టుకున్నాను. దాని గుండె నా అరచేతిలో కొట్టుకుంటోంది.

"ఆగక్కా, తప్పు నాది" అన్నాను.

నీకూ చెప్పలేదు తల్లీ. గంపలో గడ్డి అడుగున తెల్ల ప్లాస్టిక్ బంతి పెట్టింది నేనే. మీ అమ్మ గుడ్డనుకొని పెనం అంచుకు కొడితే నవ్వుదామని. ఆమె కంటే ముందు కోడి దాన్ని సొంతం చేసుకుంది. తీసేయొచ్చు కదా అంటావు. బంతిని గుడ్డు అని ఎన్నాళ్లు నమ్ముతుందో చూడాలనిపించి నోరు మూసుకున్నాను.

రంగనాయకమ్మ ఈక పారేసి వెళ్లిపోయింది. మీ అమ్మ బంతిని తెచ్చి నా చేతిలో పెట్టి, "నీ తమాషాకు అది పస్తులుండాల్నా?" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

బంతి తీసినా కోడి ఉత్త గడ్డి మీదే కూర్చుంది. కోళ్లమ్మే సమీవుల్లాను అడిగితే, "అన్నా, కడుపు కింద గాలాడాల, ఆ వేడి దిగితే అదే లేస్తాది" అన్నాడు. అడుగున సందులుండే టమోటా ట్రేను నాలుగు ఇటుకల మీద నిలిపి, గడ్డి లేకుండా కోడిని అందులో పెట్టి, పైన ఇంకో ట్రే బోర్లించాను. మేతా నీళ్లూ లోపలే. మూడో రోజు వదిలితే గంపవైపు పోకుండా దిబ్బ మీదికెక్కి కెలకడం మొదలుపెట్టింది. బతికింది తల్లీ.

ఒక్కటే అర్థం కావడం లేదు. మీ అమ్మ నూకలు చల్లితే పరిగెత్తుకొస్తుంది. నేను చల్లితే దూరంగా నిలబడుతుంది, నేను అటు తిరిగాకే తింటుంది. బంతికీ గుడ్డుకూ తేడా తెలియని దానికి నా సంగతి ఎట్లా తెలిసింది? సైన్సు చదువుతున్నావు, నువ్వే రాయి. అందాకా నేను గోడవైపు తిరిగి నూకలు చల్లుతున్నాను.

ఇట్లు,
కోడి ముందు తలెత్తుకోలేని మీ అబ్బా,
ఖాదర్ బాషా