మండెలోని వెచ్చదనం

శాంతమ్మ టీచర్ గారూ,

ఇవాళ రేపల్లెలో మీ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. నేను రాలేకపోయాను. ఎందుకో వింటే మీరే సంతోషిస్తారు.

నారుమడికి నానబెట్టిన వడ్లు మొలకెత్తడానికి గోనెసంచిలో మండె కట్టాం. నిన్న సాయంత్రం వాన మొదలవగానే, మరీ తడిసి కుళ్లిపోతాయని మా ఆయన సంచి చుట్టూ యూరియా బస్తాల ప్లాస్టిక్ కవర్లు బిగించేశారు. పొద్దున చెయ్యి పెడితే కాలిపోతోంది, పులిసిన వాసన వస్తోంది.

"మండె అన్నాక వేడిగా ఉండదా ఏంటి?" అన్నారాయన.

"ఇంత ఉండకూడదండి. గాలాడక చస్తున్నాయి," అని కవర్లు లాగేశాను. ఇద్దరం గింజలు పరిచి, నీళ్లు చల్లి, తిరగేశాం. మధ్యాహ్నానికి తెల్లటి మొలకలు కనిపించాయి. ఈ ఏడు విత్తనం దక్కింది.

ఎనిమిదో తరగతిలో మీరు మమ్మల్ని పొలానికి తీసుకెళ్లి, ఒక్కొక్కరి చేతా మండెలో చెయ్యి పెట్టించారు. "గింజ తన పిండిని చక్కెర చేసుకుని, గాలి పీల్చి ఖర్చుపెడుతోందమ్మా. ఆ వేడే ఇది. మీ ఒళ్లు వెచ్చగా ఉండేదీ ఇందుకే," అన్నారు.

ఆసుపత్రిలో చివరిసారి పట్టుకున్నప్పుడు మీ చెయ్యి చల్లగా ఉంది. ఏడాదిగా నాకు అదే గుర్తొచ్చేది. ఇవాళ మాత్రం, ఆ రోజు నా చేతిని గింజల్లోకి నెట్టిన మీ చెయ్యి గుర్తొచ్చింది. వెచ్చగా ఉంది, టీచర్ గారూ.

మీ కరుణ