గడప లేని ఇంట్లోకి గుర్రం

అక్కకు తమ్ముడు శీను దండాలు. నువ్వూ, పాపా, అత్తమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ఆ ‘బాగానే’ ఏమిటో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబుదామంటే బావ పక్కనే ఉంటాడు, చెప్పనివ్వడు. రాయి లారీతో మార్కాపురం వస్తున్న ఖాసిం మామ చేతికి ఇస్తున్నాను. కంగారు పడకు, బావ ప్రాణానికి ఏమీ లేదు. కుడిచేతి వేళ్ల మీద గుర్రం కాలు వేసింది.

బెంగళూరు బయట మేం పలకరాయి పరిచిన ఇల్లు గుర్రాలు పెంచే మేడమ్‌ది. ఇల్లంటే నువ్వనుకునేలాంటిది కాదు. ఒక పక్క గోడంతా అద్దమే, సోఫాలో కూర్చుంటే గుర్రాలు కనిపించాలట. గుర్రాల కొట్టం నుంచి హాలు దాకా ఒకటే నేల, మధ్యలో గడప లేదు. “గడప లేకుండా ఇల్లేందిరా, సత్రమా?” అని బావ రోజూ సణిగేవాడు. ఇక్కడ సాయంత్రమైతే చలి, ముసురు. సాంబారులో బెల్లం వేస్తారు. గొడ్డుకారం ఉంటే కాస్త పంపు.

గృహప్రవేశానికి ముందు రోజు బావ నేలంతా నూనె పూశాడు. బేరగాళ్లు వస్తున్నారంటే రాయికి నూనె రాసి నలుపు తేలుస్తాం కదా, అదే అలవాటు. నేనూ పక్కనే ఉండి రుద్దాను. ఆవు వచ్చే వాకిలి దగ్గర మాత్రం గోనెపట్టాలు పరిచాం.

తీరా పంతులు మంత్రాలు మొదలుపెట్టాక మేడమ్ ఆవును వద్దంది. “మాకు గుర్రమే లక్ష్మి” అని తెల్లగుర్రాన్ని కొట్టం వైపు నుంచి లోపలికి తెప్పించింది. అటువైపు పట్టాలే వేయలేదు. ముందుకాళ్లు నూనె మీద పడ్డాయో లేదో, సర్రున జారింది. అద్దంలో ఇంకో గుర్రం కనబడి బెదిరిపోయింది. దాన్ని తోలుకొచ్చిన మనిషి తాడు పట్టుకుని వేలాడుతున్నాడు. పక్కకు ఒరిగిందా, అద్దం మీదే పడుతుంది. చుట్టాలంతా గోడలకు అంటుకుపోయారు. బావ ఒక గోనెపట్టా లాక్కుని, “ఆగు తల్లీ, తప్పు నాది, నీది కాదు, ఆగు” అంటూ పాక్కుంటూ పోయి దాని కాళ్ల కిందికి తోశాడు. గుర్రం పట్టా మీద కాలు ఆనించి నిలబడింది. బావ చెయ్యి ఆ పట్టా మీదే ఉంది. అరిస్తే మళ్లీ బెదురుతుందని పళ్లు బిగించాడే తప్ప నోరు తెరవలేదు అక్కా.

మేడమ్ తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లింది. వేళ్లు దక్కాయి. వంగుతాయో లేదో కట్టు విప్పితే గానీ చెప్పలేనన్నాడు డాక్టరు. ఉలి పట్టే చెయ్యి అది. నాకు భయంగా ఉంది, నీకు కాక ఎవరికి చెప్పుకోను?

అసలు సంగతి ఇదీ. నువ్వు ఫోన్‌లో అడిగితే తిన్నానంటున్నాడే, అబద్ధం. ఎడమచేత్తో అన్నం ముట్టడు. స్పూను ఇస్తే విసిరేశాడు. నేను కలిపి పెడతానంటే, “నేనేమన్నా పసిపిల్లోడినా? పో అవతలికి” అని కసురుకుంటున్నాడు. టీ తాగి పడుకుంటున్నాడు. మనిషి సగమైపోయాడు. మన నాయన మాటే వినని బావ నీ మాట వింటాడు. ఏడవకుండా, గట్టిగా చెప్పు. మొగుడన్న మొహమాటం పెట్టుకోకు.

అత్తమ్మకు దండాలు, పాపకు ముద్దులు. నన్ను దీవించు. ఉత్తరం చేతికి అందగానే బావకు ఫోన్ చెయ్యి. అన్నం కలిపి పెట్టుకుని కూర్చుంటాను.

నీ తమ్ముడు
శీను