‘రాలేదు’ అంటే సున్నా కాదని మనవి

సామాన్య పరీక్ష మార్కుల ప్రకటన శాఖ
ముఖ్య అధికారి వారి సముఖమునకు

అయ్యా,

విషయం: ఉన్నత పాఠశాల చదువు ముగించిన మా అమ్మాయి పేరు ఎదుట ప్రకటించిన సున్నాను తొలగించి, తమ శాఖ బీరువాలో సీలు వేసి ఉన్న అసలు మార్కును ప్రకటించుట గురించి.

బస్టాండు విచారణ కౌంటరులో ఉద్యోగినిని, సదరు అమ్మాయి తల్లిని అయిన నేను తమ సముఖానికి చేసుకొను విన్నపము. పేరు, పరీక్ష నంబరు, చిరునామా జతపరిచిన కాగితంలో ఉన్నవి. ఇదివరకటి రెండు అర్జీల నుండి ఆ కాగితం ఊడి, తమ కార్యాలయంలో కనిపించకుండా పోయినది. మా ఆయన దర్జీ కనుక ఈసారి దానిని అర్జీకి మిషను మీద కుట్టించాను. దారం తెంపవద్దని మనవి.

1. కొత్త చట్టం ప్రకారం, ఉన్నత పాఠశాల చదువు ముగించిన ప్రతి విద్యార్థికి సామాన్య పరీక్షలో వచ్చిన మార్కును పాఠశాల వారు గడువులోగా తమ శాఖకు నివేదించాలి. ఆ మార్కు తమ వెబ్‌సైటులో ఉండాలి, పాఠశాల గేటు పక్కన బోర్డు మీదా ఉండాలి. ఏ విద్యార్థి పేరు ఎదుటా గడి ఖాళీగా ఉండరాదు. ఏ బడిలో చదువు ఎలా ఉందో తల్లిదండ్రులకు తెలియాలన్నది చట్టం ఉద్దేశమని చదివాను. ఆ ఉద్దేశంపై నాకు అభ్యంతరం లేదు. మా అమ్మాయిని ఏ బడిలో వేయాలో తెలియక, కౌంటరుకు బస్సు వేళలు కనుక్కోవడానికి వచ్చిన వాళ్లను అడిగి వేసినదానిని. అప్పట్లో అలాంటి బోర్డు ఉంటే చూసి ఉండేదాన్ని.

2. మా అమ్మాయి పరీక్ష రాసింది. జవాబు పత్రం మూల చిరిగి ఉండటంతో దిద్దే యంత్రం దాన్ని తీసుకోలేదు. పత్రాల కట్టకు తాడు బిగించేటప్పుడు చిరిగిందని హాలు పర్యవేక్షకురాలు రాసి ఇచ్చారు. ఇలాంటి పత్రాలను చేత్తో దిద్దడానికి తమ శాఖలోనే ఒక విభాగం ఉంది. పత్రం అక్కడికి వెళ్లింది. అందువల్ల ఫలితం ఆలస్యమైంది. ఇంతవరకు ఎవరి తప్పూ లేదు.

3. గడువు వచ్చింది, ఫలితం రాలేదు. గడి ఖాళీగా వదలకూడదు. బడి గుమస్తా గారు అందులో ‘ఫలితం ఇంకా రాలేదు’ అని రాయబోయారు. గడి చిన్నది కావడంతో ‘రాలేదు’ మాత్రమే పట్టింది. ఈ విషయమై ఆయనను కలిశాను.

“అంకె పట్టేంత గడిలో కథంతా రాయమంటే ఎలాగమ్మా? ఉన్నవాటిలో ముఖ్యమైన మాట రాశాను” అన్నారు.

“ఏది రాలేదో రాయాలి కదండీ.”

“చదివేవాళ్లకి ఆ మాత్రం తెలీదా?”

ఆయనకు తమ శాఖపై ఉన్న ఆ నమ్మకమే నేడు నన్ను ఈ అర్జీ రాయిస్తున్నది.

4. తమ శాఖలోని హాజరు విభాగం వారు ‘రాలేదు’ అన్న మాటను, అమ్మాయి పరీక్షకు రాలేదని చదివారు. కుమార్తె ఎందుకు గైర్హాజరైనదో తల్లిదండ్రులు సంజాయిషీ ఇచ్చుకోవలెనని నోటీసు పంపారు. అదే వారంలో మార్కుల విభాగం వారు అదే మాటను, మార్కులు రాలేదని చదివారు. వారి కంప్యూటరు అక్షరాలు తీసుకోదు, అంకెలే తీసుకుంటుంది. అందుచేత సున్నా వేశారు. ఆ విధంగా మా అమ్మాయి పరీక్షకు వెళ్లకుండానే పరీక్ష తప్పినది.

5. సున్నా బడి గేటు పక్కన బోర్డు మీదికి ఎక్కింది. మార్కుల వరుసలో పేర్లు వేస్తారు కనుక అన్నిటికంటే కింద, పిల్లల కళ్లకు సరిగ్గా అందే ఎత్తులో ఉంది. ఒక్క సున్నా వల్ల బడి సగటు పడిపోయి, చట్టప్రకారం ‘శ్రద్ధ అవసరమైన పాఠశాల’ అని ఇంకో బోర్డు కూడా పెట్టవలసి వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ గారు నన్ను పిలిపించి, “మీ పిల్ల నాకు తెలీదా అండీ, బాగా చదివే పిల్ల. కానీ ఆ బోర్డు చూసి రోజుకొకరు వచ్చి పిల్లల్ని మాన్పించేస్తాం అంటున్నారు. ఏదో ఒకటి చేయండి” అన్నారు. బోర్డు పెట్టింది వారు, పెట్టించింది తమరు. ఏదో ఒకటి చేయవలసినదానిని నేను ఎలా అయ్యానో అర్థం కాలేదు.

అమ్మాయి మాత్రం టేపు తీసుకువెళ్లి ఆ బోర్డు పొడవు, వెడల్పు కొలిచి వచ్చింది. దిగులు పడినప్పుడు ఏదో ఒకటి కొలవడం దానికి చిన్నప్పటి నుండి అలవాటు.

6. ఈ అలవాటు వల్లనే భూకొలతల శిక్షణ కళాశాలలో దానికి సీటు వచ్చింది. అక్కడ ప్రవేశానికి ఒక వంకర స్థలం చూపించి కొలవమన్నారు. అందరూ కొలిచారు. మా అమ్మాయి కొలిచి, కళాశాల ప్రహరీ గోడ పక్కవారి స్థలంలోకి జరిగి ఉందని కూడా చెప్పింది. ప్రిన్సిపాలు గారు ఆ సంగతి బయట అనవద్దని చెప్పి సీటు ఇచ్చారు. అయితే సామాన్య పరీక్షలో కనీసం నలభై మార్కులు వచ్చినట్లు తమ వెబ్‌సైటులో కనిపించాలి. అది చట్టంలోని షరతు, వారి చేతిలో లేదు. ఈ నెలాఖరు వరకు సీటు ఉంచుతామన్నారు. ఆ తర్వాత వరుసలో ఉన్న తదుపరి అభ్యర్థికి ఇచ్చేస్తారు. తమరు ఈ అర్జీలో ఒక్క పేరానే చదవదలచుకుంటే ఇది చదవగలరు.

7. సున్నా తీయించడానికి తమ కార్యాలయానికి వచ్చాను. మార్కుల విభాగం సూపరింటెండెంటు గారు నేను నోరు తెరవగానే తల ఎత్తి చూశారు.

“మీ గొంతు ఎక్కడో విన్నానమ్మా.”

“బస్టాండు మైకులో అండీ.”

“అదీ సంగతి. ఓసారి మా బస్సు ఇంకా రాలేదన్నారు మీరు. నేను కూర్చునే ఉన్నాను. అది అప్పటికే వెళ్లిపోయింది.”

ఆ విషయం వేరే అర్జీలో విచారించుకోవచ్చునని మనవి చేసి, నా విషయం చెప్పాను.

“పరీక్షకు రాలేదని నోటీసు ఇచ్చారు. రాని పిల్లకి సున్నా ఎలా వేశారండీ?”

“సున్నా పడిందంటే వచ్చినట్టేగా.”

“అయితే ఆ నోటీసు ఏమిటి?”

“అది హాజరు విభాగం. మాకూ వాళ్లకీ సంబంధం లేదు. వాళ్లది మేడ మీద.”

మేడ మీదికి వెళ్లి, గేటు బోర్డు ఫొటో చూపించాను. అక్కడివారు ఎంతో మర్యాదగా విని, సున్నా వచ్చిందంటే పరీక్షకు వచ్చినట్టేనని ఒప్పుకుని, వెంటనే నోటీసు రద్దు చేశారు. తమ శాఖలో ఏదైనా పని అంత త్వరగా కావడం చూసి సంతోషించాను. మెట్లు దిగుతూ రద్దు ఉత్తర్వు చదివాను. ‘సదరు విద్యార్థిని పరీక్షకు హాజరై సున్నా పొందినట్లు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది’ అని ఉంది. కింద ముద్ర, సంతకం ఉన్నవి.

సూపరింటెండెంటు గారికి ఆ ఉత్తర్వు చూపిస్తే, “చూశారా, ఇప్పుడు అన్నీ సరిపోయాయి” అన్నారు.

8. ఈలోగా చేతి దిద్దుబాటు విభాగం వారు పత్రం దిద్దారు. మార్కును కాగితం మీద వేసి, కవరులో పెట్టి, సీలు వేసి మార్కుల విభాగానికి పంపారు. కవరు సూపరింటెండెంటు గారి బీరువాలో పై అరలో ఉంది. నేను చూశాను. అది వారూ కాదనలేదు. కాని ఆ తర్వాత జరిగిన సంభాషణను తమ దృష్టికి తీసుకురావడం నా విధిగా భావిస్తున్నాను.

“కవరు విప్పి ఆ మార్కు వేసేయండి.”

“గడి ఖాళీగా ఉంటే వేసేవాణ్ణి. అందులో సున్నా ఉంది.”

“సున్నా తీసేయండి మరి.”

“తప్పని తేలకుండా ఎలా తీస్తానమ్మా? ఒకసారి ప్రకటించాం.”

“విప్పితే తేలుతుంది కదండీ.”

“గడి ఖాళీ కాకుండా విప్పకూడదు. నిబంధన.” బీరువా వైపు చూసి, “అయినా లోపల కూడా సున్నాయే ఉందనుకోండి. అనవసరంగా కవరు చించినట్టవుతుంది” అన్నారు.

ఆయన చెడ్డవారు కారు. కుర్చీ వేయించారు, మంచినీళ్లు ఇప్పించారు. వాళ్ల అమ్మాయికి కూడా వచ్చే ఏడాది ఇదే పరీక్ష అట. అందుకే తనే గొంతు తగ్గించి, “పెద్దాఫీసరు గారు ఒక్క ఉత్తర్వు ఇస్తే తీయడం, విప్పడం ఒకేసారి చేయొచ్చు. ఆయనకి రాసుకోండి” అని సలహా ఇచ్చారు. తమ దర్శనం ఎప్పుడు దొరుకుతుందని అడిగాను. “ఆయన ఇంకా రాలేదమ్మా” అన్నారు. తమరు ఆ పూట ఆఫీసుకు రాలేదా, అసలు ఈ ఉద్యోగంలోకే ఇంకా రాలేదా అన్నది నేను అడగలేదు. ఆ మాటకు అర్థం అడిగే ఓపిక నాలో అప్పటికి అయిపోయింది.

9. అయ్యా, ఈ పేరాలో రాయవలసిన నిబంధన నంబరు ఏదో నాకు తెలియదు. ఇంట్లో సంగతి రాస్తున్నాను. మొన్న మా ఆయన అమ్మాయిని ఓదార్చబోయి, “పోనీలేవే, ఆ సీటు పోతే నా దగ్గర కుట్టుపని నేర్చుకో. టేపు దీనిలోనూ ఉంటుందిగా” అన్నారు. మంచికే అన్నారు. అమ్మాయి లేచి వెళ్లిపోయింది. ఆ రోజు భోజనం చేయలేదు. అప్పటి నుండి టేపు ముట్టుకోవడం లేదు. సందులో దాని ఈడు పిల్లలు ‘సున్నా’ అని పిలుస్తుంటే పలకడం కూడా మొదలుపెట్టింది. నేను వారించబోతే, “ఎందుకమ్మా, ముద్ర కూడా వేసిచ్చారుగా” అంది.

నేను కౌంటరులో కూర్చుని ఫలానా బస్సు రాలేదని చెబితే ప్రయాణికులు నన్ను తిడతారు, డ్రైవరును తిడతారు, రోడ్డును తిడతారు. కాని అలాంటి బస్సే లేదని ఒక్కరూ అనుకోరు. పిల్లల్ని, సామాన్లను పట్టుకుని నిలబడే ఉంటారు. తమ శాఖ నుండి నేను కోరుతున్నది ఆపాటి మర్యాదే.

10. కావున తమరు దయతో ఒకే ఉత్తర్వులో సున్నాను తీయించి, కవరును విప్పించి, అందులోని మార్కును నెలాఖరులోగా వెబ్‌సైటులోను, గేటు బోర్డుపైన ప్రకటింపజేయ ప్రార్థన. హాజరు విభాగం వారు ఇచ్చిన ధ్రువీకరణను కూడా వెనక్కి తీసుకోవలెను. అందులో ‘హాజరై’ వరకు నిజము గనుక అంతవరకు ఉంచవచ్చును. వచ్చే ఏడాది నుండి ఆ గడిని కాస్త వెడల్పు చేయించితే ఇంకొకరి తల్లి తమ మెట్లు ఎక్కే పని ఉండదు.

పై సంగతులను తమరు చిత్తగించవలెను. చిత్తగించి పక్కన పెట్టిన నా అర్జీలు ఇదివరకే తమ వద్ద రెండు ఉన్నందున, దీనిని చిత్తగించిన మీదట సంతకం కూడా చేయవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు, నెలాఖరు వరకు,
విచారణ కౌంటరు ఉద్యోగిని, బస్టాండు

తా.క. అయ్యా, ఇది రాస్తున్నది నేను, అమ్మాయిని. అమ్మ డ్యూటీకి వెళ్లింది. అమ్మకు తెలియని విషయం ఒకటి ఉంది. పరీక్షలో ఆఖరి పేజీ నాకు అర్థం కాలేదు. అందులో అన్నిటికీ గుడ్డిగా గుర్తులు పెట్టేశాను. నలభై వస్తాయో రావో నాకు తెలీదు. అమ్మేమో తప్పకుండా వస్తాయని కనిపించిన వాళ్లందరికీ చెబుతోంది. రాకపోతే సీటు పోతుంది. కవరు అలా బీరువాలోనే ఉండిపోతే బాగుండునని, అప్పుడు తప్పంతా మీదే అవుతుందని కొన్నాళ్లు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ముప్పై వస్తే ఆ ముప్పై నేను రాసి తెచ్చుకున్నవి. సున్నా మీరు వేసింది. మీది మీరు తీసుకుని నాది నాకు ఇచ్చేయండి.

మళ్లీ తా.క. పై రాతను ఇప్పుడే, కవరు అంటించబోతూ చూశాను. అర్జీలో కొట్టివేతలు ఉంటే తమరు తిప్పి పంపుతారని తెలిసి కొట్టివేయలేదు. ఆఖరి పేజీ సంగతి అమ్మాయి ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. దాన్ని మేము మేము చూసుకుంటాం. తమరు బీరువాలోని ఆ కవరు చూడండి. ఎంత ఉంటే అంత.