కోటు సాయంత్రాలు ఎత్తేశారు

కాస్ట్రీస్ రేవు,
సోమవారం ఉదయం

నా యూలాలీ అక్కకు,

ఓడ రేవులో ఆగింది. అందరూ ఊరు చూడ్డానికి దిగిపోయారు. ఆయన మంచం అంచున కూర్చుని బూట్లకు పాలిష్ పెడుతున్నారు. ఫోన్ చేద్దామంటే ఆయన నన్ను విడిచి ఉండరు, వినకూడని మాటలు వింటారు. నీకేమో ఫోన్‌లో సగమే వినబడుతుంది. అందుకని రాస్తున్నాను. రాస్తే ఏడవకుండా చెప్పగలనేమోనని కూడా.

ఈ ప్రయాణానికి ఎందుకు ఒప్పుకున్నానో నీకు కూడా సరిగ్గా చెప్పలేదు. ఓడ కంపెనీ పాత ఉద్యోగుల సంఘం వాళ్ళు ఆస్‌బర్ట్ పేర వారం రోజులకు గది ఇస్తామన్నప్పుడు, "మతి నిలవని మనిషిని సముద్రం మీదకి తీసుకెళ్తావా? నీకూ పోయిందా మతి?" అని నువ్వు తిట్టావు. నేను నవ్వి ఊరుకున్నాను. తిరిగి రాగానే ఆయన్ని చర్చి వృద్ధాశ్రమంలో చేర్చాలని మనిద్దరం అనుకున్నాం కదా. మేట్రన్ గారు మంచం ఖాళీగా ఉంచి మన మాట కోసం చూస్తున్నారు. ఆ లోపల ఒక్క సాయంత్రం, ఆయన పని చేసిన భోజనశాలలో, ఆయన పక్కన కూర్చుని భోజనం చెయ్యాలని నా కోరిక. అంతే.

నవ్వకు అక్కా. ఆయన ఇరవై ఏళ్ళకు పైగా ఆ భోజనశాల గుమ్మంలో నిలబడ్డారు. నెలల తరబడి కాంట్రాక్టు, కొద్ది వారాలు సెలవు, మళ్ళీ కాంట్రాక్టు. మన కింగ్స్‌టౌన్ రేవుకు ఓడ వచ్చిన సాయంత్రాల్లో నేను కొండ మీద మన వాకిట్లో నిలబడి దాని దీపాలు చూసేదాన్ని. లోపల ఆయన పొడుగు గౌన్ల ఆడవాళ్ళకు తల వంచి, కుర్చీ లాగి కూర్చోబెడుతూ ఉంటారని తెలుసు. పనివాళ్ళ భార్యలకు ఆ మెట్లెక్కే వీల్లేదు. సెలవుకు వస్తే కోటు సాయంత్రాల కబుర్లే చెప్పేవారు. ప్రతి ప్రయాణంలో రెండు సాయంత్రాలు మగవాళ్ళు నల్ల కోటు వేసుకుని మెడకు బో టై కట్టుకోవాలి, ఆడవాళ్ళు నేలను తాకే గౌన్లలో రావాలి. కోటు లేనివాడు ఎంతటివాడైనా గుమ్మం దాటడానికి లేదు. అలాగని ఆస్‌బర్ట్ ఎవర్నీ సిగ్గుపరిచేవారు కాదు. తలుపు వెనక బీరువాలో అరువు కోట్లు పెట్టుకుని, వచ్చినాయనకు సరిపోయేది తీసి, తన చేతులతో తొడిగి, "ఇవాళ మీ ఆవిడ మిమ్మల్ని మళ్ళీ ప్రేమిస్తుంది సార్" అనేవారట. ఆ మాటకు నేను నవ్వేదాన్ని. నవ్వుతూనే, నాకు మాత్రం ఎన్నడూ కుర్చీ లాగలేదే ఈ మనిషి అని లోపల గుచ్చుకునేది. ఈ సంగతి ప్రార్థనలో దేవుడికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

అందుకే ఆ ముదురెరుపు గౌను కుట్టించుకున్నాను. చర్చిలో ఎంత ఏడిపించారో! "ఏమే వెర్నెల్, పెళ్ళైన యాభయ్యో ఏట మళ్ళీ పెళ్ళికూతురివా? పాస్టరుగారికి చెప్పావా లేదా?" అని మిసెస్ క్రిక్టన్ అందరి ముందూ అడిగింది.

నిన్న సాయంత్రం ఆ గౌను వేసుకున్నాను. ఆయనకు పాత నల్ల కోటు తొడిగి మెడకు బో కట్టబోతే నా చేతులు తోసేసి తనే కట్టుకున్నారు. చొక్కా గుండీలు పెట్టుకోలేని మనిషి, అక్కా! అద్దం చూడకుండా కట్టుకున్నారు. నా మనసు నిండిపోయింది. చెయ్యి పట్టుకుని భోజనశాలకు నడిచాం.

అక్కడ చూస్తే పొట్టి లాగులు, రబ్బరు చెప్పులు, టోపీలు, ఈతకొలను నుంచి అలాగే వచ్చినవాళ్ళ తడి బనీన్లు. కోటు సాయంత్రాలు ఎత్తేశారట. ఈ ఏడాది నుంచి ఎవరికి ఏది హాయిగా ఉంటే అది వేసుకుని రావచ్చట. అంత జనంలో గౌనులో నేనొక్కదాన్నే, కోటులో ఆయనొక్కరే.

ఆయన నా చెయ్యి వదిలేశారు. వెళ్ళి గుమ్మం పక్కన నిలబడ్డారు. వంగిపోయిన వీపు నిటారుగా అయింది. పొట్టి లాగులో వస్తున్న ఒక అమెరికా ఆయన్ని ఆపి, "గుడ్ ఈవెనింగ్ సార్. ఒక్క నిమిషం ఆగితే మీకు కోటు ఇస్తాను" అన్నారు.

"కోటా? ఏంటి పెద్దాయనా, లోపల పెళ్ళా, చావా? మేం సెలవులకొచ్చాం!"

"అందరికీ ఒకటే నియమం సార్" అని ఆస్‌బర్ట్ తన కోటే విప్పి అతని భుజాల మీద వేశారు. అతని భార్య పకపకా నవ్వి ఫోటో తీసింది. ఓడవాళ్ళు పెట్టిన వినోదం అనుకున్నారు పాపం. వెనక వరస పెరిగిపోయింది. "రండి, మనం కూర్చుందాం" అని నేను ఎన్నిసార్లు అన్నా ఆయన నా వైపు చూడలేదు. చివరికి కళ్ళు తిరుగుతున్నాయని చెబితే గదికి వచ్చారు. ఇద్దరం గదిలోనే రొట్టె తిన్నాం.

ఈ సాయంత్రమైనా కూర్చుంటారేమో. మా కోసం ప్రార్థన చెయ్యి.

నీ చెల్లెలు
వెర్నెల్


సెయింట్ జాన్స్, ఆంటిగ్వా
బుధవారం

అక్కా,

ఆయన కూర్చోలేదు. ఇక కూర్చోరు కూడా.

సోమవారం నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి గదిలో లేరు. తడి జుట్టుతోనే పరిగెత్తాను. గుమ్మంలోనే ఉన్నారు. ఇప్పుడు ఆ భోజనశాలకు పెద్ద, మారిసోల్ అని ఒక హోండురాస్ అమ్మాయి. నలభై ఉంటాయేమో, కానీ నాకు అమ్మాయిలాగే అనిపించింది. ఆమె కసరలేదు. నా పక్కకు వచ్చి నెమ్మదిగా అంది: "ఈయన ఆస్‌బర్ట్ గారా ఆంటీ? వంటగదిలో పాతవాళ్ళు ఇంకా చెప్పుకుంటారు. నాకూ ఆ కోటు సాయంత్రాలే ఇష్టం. ఏం చెయ్యను? కోటు అడిగితే పడుచువాళ్ళు ఇంకో ఓడ ఎక్కుతున్నారట. పైవాళ్ళు తీసేశారు. నా చేతిలో ఏముంది?"

"నా చేతిలో కూడా ఏమీ లేదమ్మా" అన్నాను. ఇద్దరం అలా చూస్తూ నిలబడ్డాం. ఆ పూట ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

నిన్న మాత్రం జరగకూడనిది జరిగింది. నేను పక్కనే ఉన్నాను, పట్టుకోలేకపోయాను. ఊలు టోపీ పెట్టుకున్న ఒక సన్నటి మనిషి భార్య చెయ్యి పట్టుకుని వచ్చాడు. "ఆడవాళ్ళు భోంచేసే చోట టోపీ ఏమిటి సార్, నాకివ్వండి, జాగ్రత్తగా పెడతాను" అంటూ ఆస్‌బర్ట్ మర్యాదగానే, ఎంతో మర్యాదగా, ఆ టోపీ తీసేశారు. కింద ఒక్క వెంట్రుక లేదు. కనుబొమలు కూడా లేవు. జబ్బుకు వాడిన మందుల వల్ల.

"నెలల తర్వాత ఇవాళే గదిలోంచి బయటికొచ్చారు! ఎవరయ్యా నువ్వు? ఎవరు నువ్వు?" అని ఆ భార్య అరిచింది. అరుస్తూనే ఏడ్చేసింది. అతను రెండు చేతులతో తల కప్పుకున్నాడు. ఆస్‌బర్ట్ టోపీ పట్టుకుని చిరునవ్వుతోనే నిలబడి ఉన్నారు. నేను ఆమె చేతులు పట్టుకుని, "ఆయనకూ జబ్బేనమ్మా, తలలోపల" అన్నాను. నియమాలు పోయాయని ఆయన బాధ. ఆ నియమాలు పోబట్టే ఆ మనిషి ఊలు టోపీతో భోజనానికి రాగలిగాడు. ఎవరి పక్షాన ప్రార్థన చెయ్యాలి నేను?

మేనేజరు వచ్చాడు. మంచివాడే. "మేడమ్, ఇంకొక్క ఫిర్యాదు వస్తే తర్వాతి రేవులో మిమ్మల్ని దింపెయ్యక తప్పదు. భోజనం గదికే పంపిస్తాం, ఆయన్ని బయటికి రానివ్వకండి" అన్నాడు.

ఇవాళ మధ్యాహ్నం నుంచే ఆయన మొదలుపెట్టారు. నేను తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. "తలుపు తియ్యండి మేడమ్, జనం వరసలో ఉంటారు, నా గుమ్మం ఖాళీగా ఉంది" అన్నారు. నన్ను మేడమ్ అన్నారు అక్కా. బతిమాలారు, తిట్టారు, తర్వాత తోశారు. మోచెయ్యి గొళ్ళేనికి కొట్టుకుని చర్మం లేచిపోయింది. రక్తం చూసి ఆయనే చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఎవరు కొట్టారని అడిగారు.

ఇక నాతో కాదు. ఇంట్లో ఆయన తెల్లవారకముందే రోడ్డు మీదకి వెళ్ళిపోవడం, పొయ్యి ఆర్పకుండా వదిలెయ్యడం, నా నడుము నొప్పి, అన్నీ నీకు తెలుసు. ఇన్నాళ్ళూ సరే అనడానికి నోరు రాలేదు. ఈ ఉత్తరం అందగానే మేట్రన్ గారికి చెప్పెయ్యి. ఆయన్ని ఇస్తాను.

వెర్నెల్


బ్రిడ్జ్‌టౌన్
ఆదివారం

ప్రియమైన అక్కా,

ఓడ దిగాం. మన పిన్ని కూతురింట్లో ఉన్నాం. రేపు కింగ్స్‌టౌన్ వెళ్తున్న ఒకావిడ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఆంటిగ్వా నుంచి రాసింది నీకు ముందే అంది ఉంటే, దాని తర్వాత ఇది చదువు. చదివాక, నన్ను ఎంత తిట్టాలనుకుంటే అంత తిట్టు.

మిగిలిన రోజులు గదిలోనే గడిపాం. నిన్న సాయంత్రం మారిసోల్ తలుపు తట్టింది. "ఆంటీ, జనం రావడానికి ఇంకా టైముంది. బల్లలు సర్దేశాం. మీరిద్దరూ ఇప్పుడే వచ్చి భోంచేసి వెళ్ళిపోండి. ఫిర్యాదు చెయ్యడానికి మనిషే ఉండడు. ఆ ఎర్రగౌను వేసుకోవడం మర్చిపోకండేం!" అంది. నేను గౌను వేసుకున్నాను. మోచేతి కట్టు మీద శాలువా కప్పుకున్నాను. ఆయన్ని తీసుకుని వెళ్ళాను.

ఖాళీ భోజనశాల ఎంత పెద్దదో నీకు చెప్పలేను. చర్చి కన్నా పెద్దది. గుమ్మం దగ్గరికి రాగానే ఆయన నాకన్నా ముందు నడిచి, అటు తిరిగి నిలబడి, నన్ను చూసి తల వంచారు.

"గుడ్ ఈవెనింగ్ మేడమ్. చాలా బాగున్నారు. ఒక్కరేనా?"

"మావారు... వస్తారు" అన్నాను.

"తొందరేం లేదు. మంచి బల్ల చూపిస్తాను." నన్ను కిటికీ పక్కకు తీసుకెళ్ళారు. అడుగు తడబడలేదు. కుర్చీ లాగారు. నేను కూర్చునేటప్పుడు మెల్లగా ముందుకు జరిపారు. తెల్లగుడ్డ విదిలించి నా ఒళ్ళో పరిచారు. అక్కా, దొరసానుల్ని చూసి నేను ఎన్నేళ్ళు కుళ్ళుకున్నానో, అది దొరికింది. దొరికితే ఇలా ఉంటుందని తెలియదు.

"మీరూ కూర్చోండి" అన్నాను, ఎదురు కుర్చీ చూపించి.

"అయ్యో, పనివాళ్ళం మేడమ్. ఇక్కడ కూర్చుంటే ఉద్యోగం ఊడుతుంది."

"ఎవరూ లేరు. ఒక్క నిమిషం. నా కోసం."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "కోపం తెచ్చుకోకండి మేడమ్. ఇంటిదగ్గర నా భార్య ఉంది. ఈ ఉద్యోగం ఆవిడ కోసమే చేస్తున్నాను. కింగ్స్‌టౌన్‌లో ఆగినప్పుడు కొండ మీద వాకిట్లో నిలబడి చూస్తుంది. ఈ కిటికీలోంచి నేనూ చూస్తాను. కనబడదనుకోండి, చీకటి కదా. కాంట్రాక్టు అవగానే వెళ్ళిపోతాను. ఇంకెంతో లేదు."

నేను ఒక్కదాన్నే భోజనం చేశాను. చేప పులుసు, అన్నం, ఏదో తీపి. ఆయన నా కుర్చీ వెనక నిలబడే ఉన్నారు. గుక్కెడు తాగితే చాలు, గ్లాసు నింపుతున్నారు. మారిసోల్ దూరం నుంచి చూసి మొహం తిప్పుకుంది. ఆయన పక్కన కూర్చుని తినాలన్న కోరిక తీరలేదు, ఇక ఈ జన్మకు తీరదు. బయట జనం అలికిడి మొదలయ్యాక, "మీ డ్యూటీ అయిపోయిందట, మారిసోల్ చెప్పమంది" అన్నాను. అబద్ధమే. మారు మాట్లాడకుండా వచ్చేశారు.

ఆ తర్వాత ప్రార్థనకు మోకరించాను. ఆశ్రమమే కళ్ళముందు కదిలింది. నువ్వూ చూశావుగా. పొడుగాటి నడవా, వరసగా గదులు, తెల్లబట్టల పనివాళ్ళు, గంట కొడితే భోజనం. అక్కడ దింపి వచ్చేస్తే ఆయన ఏమనుకుంటారు? ఇంకో ఓడ ఎక్కాననుకుంటారు. భోజనాల గుమ్మంలో నిలబడి, కాంట్రాక్టు అవగానే వెర్నెల్ దగ్గరికి పోతానని వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. ఆ కాంట్రాక్టు ఎప్పటికీ అవదు. నేను కొండ మీద ఉండి కూడా ఆయన్ని రమ్మనను. అది నాతో కాదక్కా.

బలం వచ్చి రాస్తున్నది కాదు ఇది. మోచెయ్యి ఇంకా నొప్పిగానే ఉంది. రేపు పొయ్యి ఎవరు చూస్తారో, తోస్తే ఎలా తట్టుకుంటానో నాకు తెలియదు. దేవుడు కూడా ఇంకా ఏమీ చెప్పలేదు. అయినా ఆ మంచం ఇంకెవరికైనా ఇమ్మని మేట్రన్ గారికి చెప్పు. నీకు వీలైన పూటల్లో వచ్చి ఆయన దగ్గర కూర్చో. కాస్త నిద్రపోతాను.

ఇవాళ ఉదయం ఓడ దిగుతూ మెట్ల మధ్యలో ఆగిపోయారు. ఎండకు కళ్ళు చికిలించి నన్ను చూశారు.

"వెర్నెల్! ఇంత ఎండలో రేవుకెందుకొచ్చావ్? నేను రానా?"

"ఊరికే వచ్చాను."

"ఈసారి ఎన్ని వారాలిచ్చారు సెలవు?"

"వారాల్లేవు. ఇక ఇంట్లోనే."

మొహం పాలిపోయింది. రెయిలింగు పట్టుకున్నారు. "తీసేశారా నన్ను? ఏం చేశాను? కోటు లేనివాణ్ణి ఎవణ్ణన్నా లోపలికి పోనిచ్చానా?"

మా వెనక పొట్టి లాగులవాళ్ళు పెట్టెలు పట్టుకుని, కదలండి కదలండి అంటున్నారు.

"లేదు. ఒక్కణ్ణీ పోనివ్వలేదు" అన్నాను.

ఆయన "మరింకేం" అని నా చేతిలో సంచి తీసుకుని మెట్లు దిగారు.

ఎల్లుండి పడవకు వస్తాం. ఇద్దరం.

నీ వెర్నెల్